ఎండకు రోజుకో బిందె

కరువు ఉందని రుజువు చెయ్యడానికి రోజుకో బిందె నీళ్ళు కావాలి. ఏసీ గదుల్లో కూర్చుని కరువు జాబితాలు తయారుచేసేవాళ్ళకి ఈ సంగతి తెలుసో లేదో గాని, తొట్టి వదినకి బాగా తెలుసు. ఆ బిందె మోసేది ఆమే.

ఊరి చివర, ఏటి వంతెనకి పోయే దారిలో ముళ్ళకంచె కట్టిన చిన్న ఆవరణ ఉంది. అందులో వాన కొలిచే డబ్బా, చెక్కపెట్టెలో రెండు థర్మామీటర్లు, మధ్యలో దిమ్మల మీద కూర్చోబెట్టిన గుండ్రటి రాగిరేకు తొట్టి. నాలుగడుగుల వెడల్పు, జానెడు పైన లోతు. పిట్టలూ కుక్కలూ మూతి పెట్టకుండా దాని మీద వల మూత. తొట్టి లోపల ఒక ఇత్తడి ముల్లు నిటారుగా నిలబడి ఉంటుంది. నిన్న పొద్దున ఆ ముల్లు కొస దాకా పోసిన నీళ్ళు ఈ పొద్దుటికి ఎండకీ గాలికీ కొంత తగ్గుతాయి. ఎనిమిదిన్నరకి కొలత గొట్టంతో నీళ్ళు పోస్తూ ముల్లు కొస మళ్ళీ మునిగీ మునగనట్టు అయ్యేదాకా నింపాలి. ఒక నిండు గొట్టానికి తొట్టిలో రెండు మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఎన్ని గొట్టాలు పట్టాయో చూసుకుంటే ఎండ ఎంత తాగిందో తెలుస్తుంది. ఆ అంకెని పుస్తకంలో ఇంకుతో రాసి, ఫోన్లో సెక్షన్ ఆఫీసుకి పంపాలి.

ఈ పని మొదట ఆమె మామగారిది. ఆయన కళ్ళకి పొరలు కమ్మాక కోడలు తన కళ్ళు అరువిచ్చింది. ఆయన ముల్లు దగ్గర చెయ్యి పెట్టుకుని నిలబడితే ఈమె అంకె చదివేది. ఆయన పోయాక రిజిస్టరులో మనిషి మారింది గాని హోదా మారలేదు. తాత్కాలిక పరిశీలకుడు. ఇరవై రెండేళ్ళ తాత్కాలికం. ఆ చివరి అక్షరాలు మార్చి ఆడమనిషిని చెయ్యడానికి కూడా ఆఫీసులో ఎవరికీ తీరిక దొరకలేదు. వీధిలోవాళ్ళు మాత్రం ఎప్పుడో తీర్మానించేశారు, ఆమె తొట్టి వదిన.

వరసగా రెండేళ్ళు వానలు ఎగ్గొట్టాయి. ఏరు ఇసక తేలింది. కుళాయిలు గాలి ఊది ఊది అది కూడా మానేశాయి. నాలుగు రోజులకోసారి ట్యాంకరు వస్తుంది, ఇంటికి ఎనిమిది బిందెలు. తొట్టికి నీళ్ళిచ్చే కుళాయి కూడా ఆఫీసుదే, అదీ ఎండిపోయింది. ఏం చెయ్యమంటారని అడిగితే "స్థానికంగా సర్దుబాటు చేసుకోండి" అన్నారు. స్థానికంగా అంటే ఆమె ఇల్లు. ఎనిమిది బిందెల్లో నాలుగు తొట్టికి పోను, మిగిలిన నాలుగింటితో ఆమె, ఆమె అత్తగారు నాలుగు రోజులు గడపాలి. భర్త వేరే ఊళ్ళో కట్టడాల పనికి వెళ్ళి అయిదు నెలలైంది. అక్కడ స్నానానికి నీళ్ళున్నాయని ఫోన్లో చెప్పడానికి కూడా సిగ్గుపడతాడు.

పొద్దున్నే బిందె ఎత్తుకోగానే మంచం మీంచి అత్తగారి గొంతు లేస్తుంది.

"వెళ్ళు వెళ్ళు, చిన్నాయనకి నీళ్ళు పట్టుకెళ్ళు."

"చిన్నాయనెవరు అత్తయ్యా?"

"పైనున్నాడుగా, నిప్పులు కక్కుతూ. ఇంటికి ఎనిమిది బిందెలొస్తే నాలుగు వాడే తాగుతున్నాడు. నేను కాపరానికి వచ్చినప్పట్నించీ చూస్తున్నా, ఈ ఇంటి కోడళ్ళకి ఒక మొగుడితో సరిపెట్టరు."

"ఇంకో పద్దెనిమిది రోజులే అత్తయ్యా."

ఆ పద్దెనిమిది రోజుల మీదే వీధి మొత్తం ఆశ పెట్టుకుంది. ఏటి పొడుగునా ఇలాంటి తొట్లు పదకొండున్నాయి. వాటి అంకెల్ని బట్టే ఏ భాగంలో కరువుందో పైవాళ్ళు జాబితా వేస్తారు. జాబితాకెక్కిన ఊరికి ట్యాంకరు రోజూ వస్తుంది. కాకపోతే ఒక మెలిక ఉంది. నలభై రెండు రోజులు ఒక్కటి కూడా తప్పకుండా అంకెలు అందితేనే ఆ స్టేషన్ని లెక్కలోకి తీసుకుంటారు. తప్పితే దగ్గర్లో ఉన్న స్టేషను అంకెలే ఈ ఊరికీ అంటగడతారు. దగ్గర్లో ఉన్నది ఎగువన డ్యాము అతిథిగృహం తోటలో ఉంది. పచ్చగడ్డి మధ్య నీడలో పెట్టిన తొట్టి, దానికి పక్కనే పైపు. ఆ తోటలో లేని కరువు ఇక్కడెలా ఉంటుందని కాగితం అడుగుతుంది. దప్పిక ఉన్నచోట రుజువు చెయ్యడానికి నీళ్ళుండవు, నీళ్ళున్నచోట దప్పిక ఉండదు. ఈ నిబంధన రాసినవాడు ఒక్కసారైనా బిందె మోసి ఉంటే ఇలా రాసేవాడు కాదు.

ఇరవై నాలుగో రోజు ట్యాంకరు దగ్గర వరసలో నిలబడ్డప్పుడు పక్కింటి టైలరమ్మ అడిగింది.

"ఏమంటోంది వదినా నీ తొట్టి?"

"తొమ్మిదిన్నర. మామూలు ఏడాదిలో ఆరు దాటదు. తొట్టిలో నీళ్ళు ఎంత ఎక్కువ తగ్గితే అంత కరువన్నమాట. ఈ లెక్కన మనల్ని జాబితాలో వెయ్యకపోతే నన్నడుగు."

కొంచెం గొప్పగానే చెప్పింది. ఆమె పని గురించి అడిగేవాళ్ళే తక్కువ. వరసలో ముందున్న ఆడవాళ్ళు, వెనకున్న ఆడవాళ్ళు శ్రద్ధగా విన్నారు. అంత శ్రద్ధగా వింటున్నప్పుడే ఆమెకి అనుమానం రావాల్సింది.

రెండు రోజుల తర్వాత పొద్దున ముల్లు చాలా పైకి తేలి కనిపించింది. నాలుగూ ముప్పాతిక గొట్టాలకి నిండాల్సింది ఏడున్నర దాటి పట్టింది. పదిహేను పాయింటు ఒకటి. ఆమె ఉన్నదే రాసింది. మర్నాడూ అంతే. తొట్టి కారుతోందేమోనని అడుగున చెయ్యి పెట్టి తడిమింది, దిమ్మలు పొడిగా వేడిగా ఉన్నాయి. అతుకుల చుట్టూ బొగ్గుపొడి చల్లి చూసింది, ఎక్కడా తడవలేదు. వల మూత వేసింది వేసినట్టే ఉంది. తెచ్చిన బిందె చాలక సగంలో ఇంటికి వెళ్ళి ఇంకో అరబిందె తేవాల్సొస్తోంది. అత్తగారేమో ఈమధ్య సాధించడం మానేసింది. ముసలావిడకి నీరసం వచ్చిందేమోనని ఈమెకి అదొక దిగులు.

అంకె ఇలా పెరగడం మొదలైన తొమ్మిదో రోజు సెక్షన్ గుమాస్తా ఫోన్ చేశాడు. కుర్రవాడే, ఎప్పుడూ జలుబు చేసినట్టు మాట్లాడతాడు.

"అమ్మా, మీ అంకెలు కంప్యూటరు తీసుకోవడం లేదమ్మా. పన్నెండు దాటితే ఎర్రగీత పెట్టేస్తుంది. వారం నించీ పదిహేను, పదహారు పంపుతున్నారు. తొట్టి పగిలిందా, ఇంట్లో కూర్చుని రాస్తున్నారా?"

ఇంట్లో కూర్చుని అన్న మాట ఆమెకి చెంప మీద కొట్టినట్టు తగిలింది.

"ముల్లు చూసి రాస్తున్నా సార్."

"ఏమో అమ్మా. రేపటిలోగా తేలకపోతే మీ స్టేషను కొట్టేసి ఎగువ స్టేషను అంకె వేస్తారు. నా చేతుల్లో లేదు."

పొద్దున్న తొట్టి అయ్యాక మధ్యాహ్నం పన్నెండింటికి ఆమెకి ఇంకో పని ఉంది. వంతెన దాకా నడిచి, స్తంభం మీద గీసిన స్కేలు దగ్గర ఏటి నీరు ఎంత ఎత్తున ఉందో చూసి రాయాలి. స్కేలు కింద ఇసక, ఆ ఇసకలో మేక పెంటికలు. నాలుగు నెలలుగా సున్నాయే. ఇంట్లో కూర్చుని రాసినా సున్నాయే. అయినా రానూ పోనూ గంటసేపు ఎండలో నడిచి, సున్నాని కళ్ళారా చూసి వస్తుంది.

ఆ రోజు సగం దారిలో చెప్పు తెగింది. కాలు కింద పెడితే చర్మం అంటుకుపోయేలా ఉంది దారి. ఇంకో జత వేసుకుందామని కొంగు పాదానికి చుట్టుకుని వెనక్కి తిరిగింది. ఆవరణ దగ్గరికి వచ్చేసరికి కంచె తలుపు తీసి ఉంది.

లోపల తొట్టి చుట్టూ వీధి ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. ట్యాంకరు దగ్గర ఏనాడూ అంత చక్కటి వరస లేదు. వల మూత పక్కన ఆనించి ఉంది. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో, గొడుగు కింద, అత్తగారు. ఆవిడ చేతిలో చెంబు. వరసలో వచ్చినవాళ్ళ గిన్నెలో ఆవిడే తొట్టిలోంచి ఒక చెంబు ముంచి పోస్తోంది. ముందున్న ఆటో డ్రైవరు భార్య గిన్నెని చీర వెనక దాచింది. నీళ్ళు ఆమె మడమ మీంచి కారాయి.

"ఏం చేస్తున్నారు?" అంది తొట్టి వదిన.

 అత్తగారే పలికింది.

"చూసేశావుగా, ఇంకేం దాపరికం. కరువు పెంచుతున్నాం."

"ఏంటీ?"

"నువ్వే కదా వదినా చెప్పావు," టైలరమ్మ గబగబా అందుకుంది, "తొట్టిలో ఎంత తగ్గితే అంత కరువని. నీ ఒక్కదానివల్ల ఎంతవుతుంది? అందుకే తలో చెయ్యీ వేశాం. నువ్వు ఏటికెళ్ళినప్పుడు ఇంటికో చెంబు. ఒక్క చుక్క ఎక్కువ తియ్యలేదు, మీ అత్తగారు తియ్యనిస్తేగా!"

"ఎవరి చెంబు వాళ్ళు తెచ్చుకోమంటే మూలింటావిడ గుండిగ తెస్తుంది. అందుకని నా చెంబే కొలత," అంది అత్తగారు, పెద్ద న్యాయం చేసినట్టు.

"తీసిన నీళ్ళు?"

టైలరమ్మ తల దించుకుంది. "మా నాన్నకి ఒళ్ళు తుడుస్తున్నా. మంచానున్న మనిషి, నీకు తెలియందేముంది."

"మేం గిన్నెలకి," అంది డ్రైవరు భార్య.

"నేను ఒక్కసారి తల తడుపుకున్నా," అంది అత్తగారు. "ఉరి తీయిస్తావా?"

తొట్టి వదిన దిమ్మ మీద కూలబడింది. తిట్టడానికి కూడా ఒంట్లో కొంచెం తడి ఉండాలి.

"అత్తయ్యా, ఇక్కడ తగ్గిన నీళ్ళు పొద్దున మళ్ళీ ఎవరు నింపుతున్నారనుకున్నారు? నేనే. మన ఇంట్లోంచే."

అత్తగారు గొడుగు పక్కకి వంచి కోడలి మొహంలోకి చూసింది.

"అందుకా మన డ్రమ్ము మూడో రోజుకే అడుగంటుతోంది! నేను పిల్లి తాగుతోందనుకున్నా."

వరసలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. తొట్టి వదిన చెప్పింది, నెమ్మదిగా, చిన్నపిల్లలకి చెప్పినట్టు. ఎండ ఎంత కాసినా దానికీ ఒక హద్దుంటుంది. పది అంటే కరువు. పదిహేను అంటే కరువు అనరు, దొంగతనం అంటారు. కంప్యూటరు తొమ్మిది రోజుల అంకెలు తోసేసింది. రేపటికి తేలకపోతే డ్యాము తోట అంకె వేస్తారు. ట్యాంకరు నాలుగు రోజులకోసారే.

గిన్నెలు పట్టుకున్న చేతులు కిందికి జారాయి. డ్రైవరు భార్య తన గిన్నెలోని చెంబుడు నీళ్ళు మెల్లిగా మళ్ళీ తొట్టిలో పోసింది.

"పొయ్యకు!" అని అరిచింది తొట్టి వదిన. "ఇంక ఎవరూ ఏం చెయ్యకండి. నన్ను ఆలోచించుకోనివ్వండి."

అప్పుడు టైలరమ్మ, గుడ్డ మీద గీతలు గీసే సుద్దని చేతిలో నలుపుతూ, చిన్నగొంతుతో అంది. "గీతలున్నాయి వదినా. ఏ రోజు ఎన్ని చెంబులు తీశామో మా తలుపు వెనక గీశా. రేపు ఎవరూ నాకు తక్కువొచ్చిందని గొడవ పడకుండా."

ఆమె ఇంటి తలుపు వెనక, కుట్టుమిషను పక్కన, తెల్ల సుద్ద గీతలు తొమ్మిది వరసలున్నాయి. చాలా రోజులు ఏడేసి. ఒక రోజు ఎనిమిది, అది ముసలావిడ తల తడుపుకున్న రోజు. ఇంకో రోజు అయిదు, రెండిళ్ళవాళ్ళు ఊళ్ళో లేరు. తొట్టి వదిన అత్తగారి చెంబుని నీళ్ళతో నింపి కొలత గొట్టంలో పోసి చూసింది. చెంబంటే తొట్టిలో సున్నా పాయింటు ఎనిమిది. ఏడు చెంబులు తీస్తే అయిదు పాయింటు ఆరు. పదిహేను పాయింటు ఒకటిలోంచి అది తీసేస్తే తొమ్మిదిన్నర. ఎనిమిది చెంబుల రోజుకి తొమ్మిది పాయింటు ఆరు. అయిదు చెంబుల రోజుకి తొమ్మిది పాయింటు రెండు. తొమ్మిది రోజులూ బుద్ధిగా వచ్చి వరసలో నిలబడ్డాయి. ముసలావిడ చెంబు ఒక్క రోజు కూడా బొంకలేదు. దొంగలు ఇంత నిక్కచ్చిగా ఉండే వీధి ఇంకెక్కడైనా ఉంటుందా?

టైలరమ్మ ఇంట్లోంచే ఫోన్ చేసింది. వీధంతా గుమ్మంలో. మొత్తం చెప్పింది, చెంబుతో సహా. అవతల గుమాస్తా ముక్కు ఎగబీల్చాడు.

"అమ్మా, మీరు ఇదంతా చెప్పకుండా కొత్త అంకెలు పంపి ఉంటే, పాతవి పొరపాటని నేనే మార్చేసేవాణ్ణి."

"ఇప్పుడు కూడా ఆ అంకెలే కదా సార్. నిజమైనవి. పక్కన రిమార్కుల్లో ఎందుకు మారాయో రాస్తాను."

"రిమార్కులు రాస్తే ఆ రోజులు కొలత చెడినట్టు లెక్క. మళ్ళీ ఒకటో రోజు నించి మొదలు. రిమార్కులు కంప్యూటరు చదవదమ్మా, ఉన్నాయా లేవా అని మాత్రం చూస్తుంది."

"మనుషులు చదువుతారుగా."

"ఎవరు?" అన్నాడతను. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఒక పని చెయ్యండి. మీరు నాకు ఫోన్ చెయ్యలేదు. పుస్తకంలో ఆ పేజీ మార్చి రాసెయ్యండి. తొమ్మిదిన్నరలు పంపండి. ఎనిమిది రోజుల్లో మీ ఊరు జాబితాలో ఉంటుంది. అందరూ చేసేదే."

గుమ్మంలో అందరి కళ్ళూ ఆమె మీదే. పేజీ మార్చడానికి పది నిమిషాలు చాలు. అంకెలు అబద్ధం కూడా కావు. లోపలి గదిలో మంచం మీద టైలరమ్మ నాన్న దగ్గుతున్నాడు.

"సార్, ఎగువ స్టేషనాయన పేజీలు మార్చి మార్చి రాస్తాడని మీకు తెలుసు, నాకూ తెలుసు. ఎన్నడూ తొట్టి మొహం చూడడు. అలాంటి అంకే వచ్చి మా నెత్తిన కూర్చుంటోంది. రేపు మా ఊరు జాబితాకెక్కితే ఎందుకెక్కిందని పైనించి ఎవడో ఒకడు వస్తాడు, పుస్తకం తియ్యమంటాడు. చింపి అతికించిన పేజీ చూస్తే ఇరవై రెండేళ్ళ పుస్తకాలూ అబద్ధమంటాడు. అప్పుడు మాకు ఎప్పటికీ కరువు రాదు సార్, నోట్లో మట్టి కొట్టుకున్నా. రిమార్కులు రాసే పంపుతున్నా."

ఫోన్ పెట్టేసింది. డ్రైవరు భార్య భగ్గుమంది.

"మా గొంతులెండినా ఫర్వాలేదన్నమాట, నీ పుస్తకం శుభ్రంగా ఉండాలి!"

"మీరు చెయ్యి పెట్టకపోతే ఎనిమిది రోజుల్లో అయిపోయేది."

"పెట్టమన్నది నీ మాటే కదా! తెలిసీ తెలియనివాళ్ళకి ఎందుకు చెప్పాలి?"

 నిజమే, చెప్పింది తనే. కానీ ఇంకో ప్రశ్న కూడా ఉంది, ఆ గుమ్మంలో ఎవరూ అడగనిది. దాహంగా ఉందని చెప్పడానికి జనం ఇంత తెలివి ఖర్చు పెట్టాల్సిన గతి ఎందుకు పట్టింది? ఖాళీ బిందెలు వరసగా పెడితే కనపడవా? ఏడు గడపలు, ఎండిన ఏరు, మంచం మీద తడిగుడ్డ కోసం చూసే మనిషి, ఇవన్నీ కళ్ళెదుట ఉండగా ఒక ముల్లు కొసని సాక్ష్యం అడిగే ప్రభుత్వాన్ని ఎవరు నిలదీస్తారు? నిలదియ్యాల్సినవాళ్ళు గుమ్మంలో నిలబడి ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటున్నారు. పైవాళ్ళకి కావలసిందీ అదే.

ఆ తర్వాత నాలుగో రోజు ఫోన్లో సందేశం వచ్చింది. "పరిశీలనకు అంతరాయం. గణన మొదటి రోజు నుండి." రెండు ముక్కల్లో ముప్ఫై ఎనిమిది రోజుల బిందెలు ఇంకిపోయాయి.

మర్నాడు ట్యాంకరు రోజు కాదు. డ్రమ్ములో నీళ్ళు బిందెకి పైన, బిందెన్నరకి లోపల ఉన్నాయి. ఆమె బిందె ముంచి కాసేపు అలాగే నిలబడింది. ఇంకా నలభై రెండు. నడుము లెక్కపెట్టడానికి ఒప్పుకోలేదు. అత్తగారు మంచం మీంచి చూస్తోంది గాని ఒక్క మాటా అనలేదు. 

"ఏమైనా అనండి అత్తయ్యా."

"ఏమనను? నువ్వు వెళ్ళు, నేను వెనకాల వస్తా."

ఆవరణ దగ్గర టైలరమ్మ ఉంది. చేతిలో గిన్నెడు నీళ్ళు. ఇంకో ముగ్గురున్నారు, వాళ్ళూ తలా గిన్నెతో. డ్రైవరు భార్య రాలేదు, మిగతా ఇళ్ళవాళ్ళూ రాలేదు. అత్తగారు కర్ర పోటేసుకుంటూ, రెండో చేత్తో చెంబు పట్టుకుని వచ్చింది. కుర్చీ ఎవరూ వెయ్యలేదు, ఆవిడే దిమ్మ మీద సర్దుకుని కూచుంది.

"ఇంటికో చెంబు," అంది వరసలోవాళ్ళతో. "ఈసారి తొట్టిలోకి కాదు, దాని బిందెలోకి. తొట్టి దగ్గరికి ఎవరైనా చెయ్యి పోనిచ్చారో, చేతులు విరుస్తా."

నాలుగు చెంబులు. దాంతో బిందె నిండదు. కానీ తొట్టికి పొయ్యగా ఆ మేరకు నీళ్ళు బిందెలోనే మిగిలి ఇంటికి తిరిగొస్తాయి. తొట్టి వదిన వల మూత తీసి గొట్టంతో పొయ్యడం మొదలుపెట్టింది. నాలుగు గొట్టాలు, అయిదోదాంట్లో సగం దాటాక చెయ్యి నెమ్మదించింది, చుక్క చుక్కగా. ముల్లు కొస చుట్టూ నీరు చిన్న గుంటలా వంగి, మూసుకుంది. తొమ్మిది పాయింటు నాలుగు. పుస్తకంలో కొత్త పేజీ తిప్పి రాసింది. టైలరమ్మ ఇంటికి వెళ్ళి తలుపుకి ఇటువైపు ఒక గీత గీసి వచ్చింది.

పన్నెండింటికి తొట్టి వదిన, టైలరమ్మ మందపాటి దారంతో కుట్టిచ్చిన చెప్పు వేసుకుని, సున్నా చూసి రావడానికి వంతెన వైపు బయల్దేరింది.